థీసిస్ ఇంకా పూర్తికాలేదు: ప్రజారోగ్య సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ పంపవచ్చా?

ప్రశ్న: సామాజిక వైద్య విభాగం పీజీ విద్యార్థిని, కోస్తా ఆంధ్ర

అధ్యాపకులకు, తోటి పీజీలకు నమస్కారం. నేను ఒక వైద్య కళాశాలలో సామాజిక వైద్య విభాగంలో ఎం.డి. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా గ్రామీణ ఆరోగ్య శిక్షణ కేంద్రం పరిధిలో నమోదైన గర్భిణులు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలను ఎంత క్రమంగా వేసుకుంటున్నారు, మానేసినవారు ఎందుకు మానేస్తున్నారు, నెలలు నిండే సమయానికి వారి హిమోగ్లోబిన్ ఎలా మారుతోంది అన్నది నా థీసిస్ అంశం. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిన తరువాతే పని మొదలుపెట్టాము. ఐదో నెల, ఆరో నెల గర్భిణులను ఇంటి వద్ద కలిసి వివరాలు అడిగి రక్తపరీక్ష చేయడం మొదటి దశ, అది పూర్తయింది. వారికే ఎనిమిదో నెల దాటాక మళ్ళీ రక్తపరీక్ష చేయడం రెండో దశ; అది ఇంకా సాగుతోంది. పురిటికి పుట్టింటికి వెళ్ళినవారిని వెతికి కలుసుకోవడంలో అనుకున్నదానికంటే ఎక్కువ ఆలస్యమవుతోంది.

ఒక జాతీయ స్థాయి ప్రజారోగ్య సదస్సుకు అబ్‌స్ట్రాక్టుల (పరిశోధన సారాంశాల) గడువు దగ్గరపడింది. రెండు వందల యాభై పదాలలో నేపథ్యం, లక్ష్యాలు, పద్ధతి, ఫలితాలు, ముగింపు అన్న శీర్షికలతో పంపాలని నిబంధన. ఫలితాల చోట “వివరమైన ఫలితాలను సదస్సులో సమర్పిస్తాము” అని రాస్తే సరిపోతుందని మా సీనియర్లు అంటున్నారు. రెండో దశలో ఇప్పటివరకు పరీక్ష పూర్తయినవారి సంఖ్యలతోనే హిమోగ్లోబిన్ మార్పును చూపించవచ్చని మరొకరు సూచించారు. ఈ రెండింటిలో ఏది సరైనదో తేల్చుకోలేకపోతున్నాను. అబ్‌స్ట్రాక్ట్ సదస్సు సంచికలో అచ్చయితే తరువాత అదే పనిని పత్రికకు పంపడానికి అడ్డు వస్తుందేమో అన్న సందేహం కూడా ఉంది. రచయితల పేర్ల వరుస గురించి గైడ్ గారితో ఇంకా మాట్లాడలేదు. ఆ మాట ఎలా ఎత్తాలో కూడా తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: సామాజిక వైద్య విభాగం ఆచార్యుడు

అమ్మా, మీ ప్రశ్నలోనే సమాధానం ఉన్నది. మీ మొదటి దశ పూర్తయిందని మీరే రాశారు. నిర్ణీత కాలంలో, నిర్ణీత ప్రాంతంలో, గర్భం మధ్య నెలల్లో ఉన్న స్త్రీలలో ఎందరు మాత్రలు క్రమంగా వేసుకుంటున్నారు, ఎందరికి రక్తహీనత ఉన్నది, మానేసినవారు చెప్పిన కారణాలేమిటి అన్నంతవరకు అది తనంతట తానుగా ఒక సంపూర్ణమైన క్రాస్ సెక్షనల్ (అన్నిటినీ ఒకే సమయంలో కొలిచి చూసే) అధ్యయనం. ఈ ఏడాది దానిని మాత్రమే పంపండి. హిమోగ్లోబిన్ మార్పు గురించి ఈ అబ్‌స్ట్రాక్టులో ఒక్క వాక్యం కూడా వద్దు. అది రెండో దశ ముగిసిన తరువాత మరో సదస్సుకు, ఆపైన పత్రికకు వెళ్ళవలసిన విషయం.

“ఫలితాలను సదస్సులో సమర్పిస్తాము” అన్న వాక్యాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. సమీక్షకుడి చేతిలో మీ థీసిస్ ఉండదు, మీ గైడ్ ఉండరు, మీ శ్రమకు సాక్షులు ఉండరు. ఉన్నవి ఆ రెండు వందల యాభై పదాలే. వాటిలో సంఖ్య లేకపోతే మీ పనికి మార్కు వేయడానికి ఆయనకు ఆధారం లేదు. అటువంటి వాటిని మొదటి వడపోతలోనే పక్కన పెట్టే సదస్సులు చాలా ఉన్నాయి. ఒకవేళ అంగీకరించినా, అచ్చయిన సంచికలో మీ పేరుతో శాశ్వతంగా మిగిలేది ఏ ఫలితమూ లేని ఒక పేరా మాత్రమే. ఊళ్ళో ఎండలో నడిచి, రక్తం ఇవ్వడానికి భయపడిన గర్భిణికి నచ్చజెప్పి తెచ్చిన సమాచారానికి ఆ గతి పట్టకూడదు.

ఇక రాయడం గురించి. నేను చదివే అబ్‌స్ట్రాక్టులలో చాలావరకు “రక్తహీనత భారతదేశంలో ఒక ప్రధానమైన ప్రజారోగ్య సమస్య” అన్న వాక్యంతో మొదలవుతాయి. ప్రజారోగ్య సదస్సుకు వచ్చినవారిలో ఆ సంగతి తెలియనివారు ఉండరు. నేపథ్యానికి రెండు వాక్యాలు చాలు: ఇప్పటికి తెలిసినది ఒకటి, తెలియనిది ఒకటి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నది. గర్భకాలంలో 180 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ మాత్రలు వేసుకున్న తల్లులు 26 శాతం మాత్రమే. ఇది తెలిసినది. మీ ప్రాంతంలో ఉపకేంద్రం నుంచి మాత్ర చేతికి అందిన తరువాత ఇంటిలో ఏమి జరుగుతోందన్నది తెలియనిది. అక్కడి నుంచి నేరుగా లక్ష్యంలోకి వెళ్ళండి.

అయితే ఆ 26 శాతాన్ని మీ సంఖ్యతో పోల్చే ముందు ఒక జాగ్రత్త తీసుకోవాలి. సర్వే అడిగినది కాన్పు అయిన తల్లులను. వారు గర్భకాలం మొత్తాన్ని గుర్తు చేసుకుని చెప్పారు. మీరు అడిగినది ఇంకా ఐదో, ఆరో నెలలో ఉన్నవారిని. నూట ఎనభై రోజులు పూర్తి చేసే అవకాశమే ఇంకా రానివారిని ఆ కొలతతో కొలిచి “మా ప్రాంతంలో వాడకం జాతీయ సగటు కంటే తక్కువ” అని రాస్తే, హారం, అంటే ఎవరిలో ఎంతమంది అన్న లెక్క, తెలిసిన సమీక్షకుడు అక్కడే ఆగిపోతాడు. మీరు గత వారంలోనో గత నెలలోనో ఇచ్చిన మాత్రలలో ఎన్ని వేసుకున్నారని అడిగి ఉంటే ఆ నిర్వచనాన్నే పద్ధతిలో స్పష్టంగా రాయండి. మిగిలిన మాత్రలను లెక్కపెట్టి చూశారా, నోటిమాటనే తీసుకున్నారా అన్నది కూడా అక్కడే చెప్పాలి.

పద్ధతిలో నేను వెతికే మరో రెండు విషయాలు చాలామంది వదిలేస్తారు. రక్తం సిర నుంచి తీశారా, వేలి కొస నుంచి తీశారా అన్నది మొదటిది. కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి కొస రక్తాన్నే పరీక్షించారు. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో సిర నుంచి తీశారు. ఐదేళ్ళలోపు పిల్లలలో రక్తహీనత నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వేలో 58 శాతం దాటగా, పోషకాహార సర్వేలో సుమారు 41 శాతంగా తేలింది. ఆ తేడా అంతా రక్తం తీసిన విధానం వల్లనే వచ్చిందని చెప్పలేము గాని, విధానం చెప్పని సంఖ్యను దేనితోనూ పోల్చలేమన్నది మాత్రం నిశ్చయం. రెండోది, ఏ కొలత కంటే తక్కువను రక్తహీనత అన్నారన్నది. గర్భిణులకు లీటరుకు 110 గ్రాములు, అంటే మనం వాడే లెక్కలో డెసిలీటరుకు 11 గ్రాములు, చిరకాలంగా ఉన్న ప్రమాణం. గర్భం మధ్య నెలల్లో ప్లాస్మా పరిమాణం పెరిగి హిమోగ్లోబిన్ సహజంగానే కొంత తగ్గుతుంది కనుక, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలలో రెండో త్రైమాసికానికి 10.5 గ్రాములను ప్రమాణంగా ఇచ్చింది. మీ స్త్రీలందరూ సరిగ్గా ఆ దశలోనే ఉన్నారు. మీ ప్రోటోకాల్‌లో ఏది రాసుకున్నారో దానినే ప్రధానంగా ఉంచి, వీలైతే రెండో ప్రమాణం ప్రకారం ఎంత వచ్చిందో ఒక పదబంధంలో చెప్పండి. ఫలితాలు చూసిన తరువాత ప్రమాణాన్ని మార్చడం మాత్రం చేయకూడదు.

పత్రిక గురించి మీ భయం అవసరం లేదు. సదస్సులో అబ్‌స్ట్రాక్టుగానో పోస్టరుగానో వచ్చిన పనిని పూర్తి వ్యాసంగా పరిశీలించడానికి అది అడ్డు కాదని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ స్పష్టంగానే చెప్పింది. వ్యాసం పంపేటప్పుడు ఫలానా సదస్సులో సమర్పించామని సంపాదకులకు తెలియజేస్తే చాలు. సదస్సువారు పూర్తి వ్యాసాలనే సంపుటిగా అచ్చువేస్తామంటే అప్పుడు ఆలోచించాలి. నిజానికి నాకు ఉన్న బాధ దీనికి తలకిందులైనది. అబ్‌స్ట్రాక్టుల తరువాతి ప్రయాణాన్ని పరిశీలించిన 425 నివేదికలను కలిపి 2018లో వెలువడిన కోక్రేన్ సమీక్షలో, పూర్తి వ్యాసంగా మారినవి 37 శాతం మాత్రమేనని తేలింది. అనుకూల ఫలితాలు వచ్చిన పనులే ఎక్కువగా అచ్చయ్యాయని కూడా అదే సమీక్ష చెబుతోంది. సర్టిఫికెట్ చేతికి రాగానే పని అక్కడితో ఆగిపోవడం మన విభాగాలలోనూ అలవాటైపోయింది. అంగీకారం వచ్చిన రోజునే వ్యాసం చిత్తుప్రతిని మొదలుపెట్టమని నా విద్యార్థులకు చెబుతుంటాను.

పేర్ల సంగతి మీ గైడ్ గారితో ఇప్పుడే మాట్లాడండి. “సర్, అబ్‌స్ట్రాక్ట్ మొదటి ప్రతి రాశాను, పేర్ల వరుస మీరు ఒకసారి చూడండి” అంటే అది మర్యాదకు లోటు కాదు. పేరున్న ప్రతివారూ ఆ ప్రతిని చదివి ఒప్పుకున్న తరువాతే పంపాలి. పనిలో పాలుపంచుకోని వారి పేరును గౌరవార్థం చేర్చకూడదు. నమూనా రూపకల్పనలోనో విశ్లేషణలోనో నిజంగా పనిచేసి, రాతను సరిదిద్దినవారి పేరు వదలకూడదు. మొదటి పేరు మీదే ఉండాలి, వేదికపై సమర్పించేదీ మీరే కావాలి.

సమాధానం: జీవగణాంక నిపుణురాలు, హైదరాబాద్

ఆచార్యుల వారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, లెక్కల వైపు నుంచి మాత్రమే రాస్తున్నాను.

రెండో దశలో ఇప్పటివరకు దొరికినవారితోనే హిమోగ్లోబిన్ మార్పు చూపమన్న సూచన ఎందుకు ప్రమాదకరమో ముందుగా చెప్పాలి. ఇంకా దొరకనివారు పుట్టింటికి వెళ్ళినవారు. మన ప్రాంతాలలో తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళేవారే ఎక్కువ. అంటే మీకు దొరికినవారిలో రెండో, మూడో కాన్పువారి పాలు సహజంగానే పెరుగుతుంది. కాన్పుల సంఖ్యకూ, వాటి మధ్య ఎడానికీ, హిమోగ్లోబిన్‌కూ సంబంధం ఉన్నది. పుట్టింటి తిండి, విశ్రాంతి, తల్లి దగ్గరుండి మాత్ర వేయించడం వంటివి కూడా అత్తవారింటి కంటే వేరుగా ఉండవచ్చు. కనుక ఈ సగం మందిలో కనిపించిన మార్పు మొత్తం మందిలోని మార్పు కాదు. ఇది కేవలం సంఖ్య చిన్నదైనందువల్ల వచ్చే చిక్కు కాదు. మిగిలినవారు మరోరకంవారు కావడం వల్ల వచ్చే చిక్కు. థీసిస్ ముగిసినప్పుడు కూడా దొరకనివారి మొదటి దశ వివరాలను దొరికినవారి వివరాలతో పక్కపక్కన పట్టికలో చూపించడం మరువకండి.

ఇక మొదటి దశ ఫలితాలు రాసే తీరు. శాతం ఒక్కటే రాయకండి. కేవలం వివరించడానికి ఊహాసంఖ్యలు తీసుకుంటాను. 520 మందిలో 312 మందికి రక్తహీనత ఉన్నదనుకుందాము. అది 60 శాతం. సాధారణ యాదృచ్ఛిక నమూనా అయితే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు శాతం ఉండగల పరిధి, 55.8 నుంచి 64.2 వరకు వస్తుంది. మీరు ముందుగా కొన్ని ఉపకేంద్రాలను ఎంచుకుని, వాటిలోని గర్భిణులను తీసుకుని ఉంటే అది క్లస్టర్ నమూనా. ఒకే ఊరివారు తిండిలోనూ, ఆశా కార్యకర్త శ్రద్ధలోనూ ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి 520 మంది 520 మంది ఇచ్చేంత సమాచారం ఇవ్వరు. ఈ పోలిక వల్ల వేరియన్స్ (అనిశ్చితి కొలత) ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 2 అనుకుంటే అదే ఇంటర్వల్ సుమారు 54 నుంచి 66 దాకా విస్తరిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో క్లస్టర్ అని చెప్పకుండా విశ్లేషిస్తే మొదటి ఇంటర్వల్లే వస్తుంది, అది తప్పు. నమూనా ఎలా తీశారో పద్ధతిలో రాసి, విశ్లేషణలో దానిని లెక్కలోకి తీసుకున్నామని నాలుగు పదాలలో చెప్పండి.

రెండో విషయం ఆడ్స్ రేషియో, అంటే ఒక స్థితి ఉన్నవారికీ లేనివారికీ ఉన్న నిష్పత్తిని రెండు వర్గాల మధ్య పోల్చే కొలత. దాదాపు ప్రతి థీసిస్‌లోనూ లాజిస్టిక్ రిగ్రెషన్ చేసి ఆడ్స్ రేషియోను “ఇన్ని రెట్లు ఎక్కువ ప్రమాదం” అని రాస్తున్నారు. రక్తహీనత వంటి, సగం మందికి పైగా ఉండే స్థితికి ఇది పెద్ద పొరపాటు. మళ్ళీ ఊహాసంఖ్యలే: భోజనంతో పాటు టీ తాగేవారిలో 70 శాతం మందికి, తాగనివారిలో 50 శాతం మందికి రక్తహీనత ఉంటే, ప్రివలెన్స్ రేషియో, అంటే ఆ రెండు శాతాల నిష్పత్తి, 1.4. అదే సమాచారానికి ఆడ్స్ రేషియో 2.33. చదివినవారు రెండు రెట్లకు పైగా అనుకుంటారు, వాస్తవంలో అది ఒకటిన్నర రెట్లు కూడా లేదు. పాయిజాన్ రిగ్రెషన్‌ను రోబస్ట్ వేరియన్స్‌తో చేస్తే నేరుగా ప్రివలెన్స్ రేషియో వస్తుంది. కుదరకపోతే రెండు వర్గాల శాతాలనూ పక్కపక్కనే ఇవ్వండి. చదివేవారు తామే పోల్చుకుంటారు.

పి విలువల (తేడా యాదృచ్ఛికం కావచ్చా అని చూసే సంఖ్యల) వరుసలతో చోటు నింపవద్దు. ఇరవై అంశాలను పరీక్షించి “సిగ్నిఫికెంట్” అని తేలిన మూడింటినే రాస్తే, ఎన్నింటిలో ఆ మూడు అన్నది పాఠకుడికి తెలియదు. మీ ప్రధాన లక్ష్యానికి సంబంధించిన ఒక సంఖ్య, దాని ఇంటర్వల్, మానేసినవారు చెప్పిన మొదటి రెండు కారణాలు వాటి హారాలతో, బలమైన ఒక సంబంధం. ఇంతకు మించి రెండు వందల యాభై పదాలలో నిలవదు. పరిశీలనాత్మక అధ్యయనాల నివేదన కోసం 2007లో వెలువడిన స్ట్రోబ్ మార్గదర్శకాలకు సదస్సు అబ్‌స్ట్రాక్టుల కోసం విడిగా ఒక చిన్న పట్టిక కూడా ఉన్నది. పంపేముందు దానిని పక్కన పెట్టుకుని ఒకసారి చూసుకోండి.

సమాధానం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి, ఉత్తర తెలంగాణ

ఈ చర్చలోనే నా ప్రశ్న ఒకటి అడుగుతున్నాను, అన్యథా భావించవద్దు. మా కేంద్రం పరిధిలో ఏఎన్ఎంలు, ఆశాలు కలిసి ఒక చిన్న మార్పు చేశారు. మాత్ర వేసుకుంటే వికారంగా ఉంటోందని, మలం నల్లగా వస్తోందని చాలామంది గర్భిణులు మానేస్తున్నారు. వారికి రాత్రి భోజనం అయ్యాక వేసుకోమని చెప్పి, మలం రంగు మారడం హాని కాదని ఇంట్లో అత్తగారి ఎదుటే వివరించి, మరుసటి వారం ఖాళీ అట్టలను చూసి రిజిస్టరులో గుర్తు పెడుతున్నారు. వాడకం మెరుగుపడినట్టు మాకు కనిపిస్తోంది. పరిశోధనగా మొదలుపెట్టలేదు, పోల్చడానికి వేరే గ్రామాలూ లేవు. ఇటువంటి పనికి సదస్సులలో చోటు ఉంటుందా? మాకు ఎథిక్స్ కమిటీ కూడా లేదు.

సమాధానం: ప్రజారోగ్య కార్యక్రమాల నిర్వహణలో పనిచేస్తున్న వ్యక్తి, విజయవాడ

డాక్టరు గారూ, తప్పకుండా చోటు ఉంటుంది, ఉండాలి కూడా. అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో చాలాకాలంగా రెండు రకాల అబ్‌స్ట్రాక్టులను తీసుకుంటున్నారు. ఒకటి మామూలు పరిశోధన రూపం. రెండోది క్షేత్రంలో చేసిన పని గురించినది: నేపథ్యం, చేసిన పని వివరణ, నేర్చుకున్న పాఠాలు, తదుపరి అడుగులు అన్న శీర్షికలతో ఉంటుంది. మన దేశంలోని సదస్సులలో కూడా కార్యక్రమ అనుభవాలకు విడిగా విభాగం ఉన్నదేమో ప్రకటనలో చూడండి. ఉంటే మీ పని అక్కడికి సరిగ్గా సరిపోతుంది. పరిశోధన రూపంలోకి బలవంతంగా ఇరికించి “మా జోక్యం వల్ల వాడకం పెరిగింది” అని రాస్తే, పోల్చే గ్రామాలు లేవన్న ఒక్క కారణంతో తిరస్కరించే అవకాశం ఉన్నది. అదే కాలంలో మాత్రల సరఫరా మెరుగుపడి ఉండవచ్చు కదా అని అడుగుతారు. పని ఎలా జరిగింది, ఎవరు చేశారు, ఎక్కడ చిక్కుపడింది, రిజిస్టరులో ముందూ తరువాతా ఏమి కనిపించింది అన్నది ఉన్నదున్నట్టు చెబితే మరో వైద్యాధికారికి ఉపయోగపడుతుంది.

అనుమతుల విషయంలో మాత్రం ఉదాసీనత పనికిరాదు. సేవ కోసం నింపిన రిజిస్టరును బయట సమర్పించడానికి వాడుతున్నప్పుడు, దానికి సమీక్ష నుంచి మినహాయింపు ఉన్నదా లేదా అన్నది మనంతట మనమే తేల్చుకోకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆ నిర్ణయం ఎథిక్స్ కమిటీది. సొంత కమిటీ లేని సంస్థ మరో సంస్థ కమిటీతో ఒప్పందం చేసుకుని దరఖాస్తు చేయవచ్చు. దగ్గరలోని వైద్య కళాశాల సామాజిక వైద్య విభాగాన్ని సంప్రదించండి; ఆ దరఖాస్తులో వారు తోడ్పడగలరు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి లిఖితపూర్వక అనుమతి కూడా తీసుకోండి. ఊరి పేరు, ఉపకేంద్రం పేరు రాయవద్దు. నెలకు కొద్దిమంది గర్భిణులు మాత్రమే ఉండే ఊరిలో తీవ్ర రక్తహీనత ఉన్న ఇద్దరు ఎవరో ఊరంతా ఇట్టే పోల్చుకోగలరు.

ఇంకొక మాట. ఆ మార్పు చేసినది ఏఎన్ఎంలు, ఆశాలు అని మీరే రాశారు. రిజిస్టరు రూపొందించి, పని నడిపి, అబ్‌స్ట్రాక్టును చదివి తమ మాట చెప్పిన ఏఎన్ఎం పేరు రచయితలలో ఉండాలి. కృతజ్ఞతల వరుసలో “క్షేత్ర సిబ్బంది” అని ఒక్క పదంతో సరిపెట్టడం న్యాయం కాదు. వీలైతే వేదికపై ఆమెనే మాట్లాడనివ్వండి. అంతర్జాతీయ సదస్సులంటే విదేశాలకే వెళ్ళాలని అనుకోనవసరం లేదు: ప్రజారోగ్య ప్రపంచ మహాసభ 2015లో కోల్‌కతాలో జరిగింది, ఊపిరితిత్తుల ఆరోగ్యంపై 50వ ప్రపంచ సదస్సు 2019లో మన హైదరాబాద్‌లోనే జరిగింది.

మళ్ళీ ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గైడ్ గారితో మాట్లాడాను. మొదటి దశను మాత్రమే పంపడానికి వారు వెంటనే అంగీకరించారు, పేర్ల వరుసపై కూడా చర్చ జరిగింది. రక్తం సిర నుంచే తీశాము. ప్రోటోకాల్‌లో 11 గ్రాముల ప్రమాణం ఉన్నది, దానినే ఉంచి 10.5 ప్రకారం వచ్చిన సంఖ్యను అదనంగా ఇస్తున్నాము. నమూనా ఉపకేంద్రాల వారీగా తీసినది కనుక విశ్లేషణను మళ్ళీ చేయిస్తున్నాను. శీర్షికగా “కోస్తా ఆంధ్రలోని ఒక వైద్య కళాశాల గ్రామీణ క్షేత్ర పరిధిలో గర్భిణులలో రక్తహీనతపై ఐరన్ మాత్రల వాడకం ప్రభావం: ఒక అధ్యయనం” అని పెట్టాను. ముగింపులో “గర్భిణులకు అవగాహన పెంచాలి” అని రాశాను. ఇవి సరిపోతాయా?

ఇంకొక సంగతి. నా పేరు ఏదో జాబితాలో చూసి కాబోలు, విదేశంలో జరిగే ఒక ప్రపంచ ప్రజారోగ్య సదస్సుకు వక్తగా రమ్మని ఈమెయిల్ వచ్చింది. అబ్‌స్ట్రాక్టును నలభై ఎనిమిది గంటల్లో అంగీకరిస్తారట, ముందుగా రుసుము కట్టాలట. దానికి పంపడం మంచిదేనా?

సమాధానం: ప్రజారోగ్య పరిశోధకుడు, అట్లాంటా

ఆ ఈమెయిల్‌కు జవాబు ఇవ్వకండి. రెండు రోజుల్లో అంగీకారం అంటే సమీక్ష జరగదని అర్థం. ఒకే హోటల్‌లో, అవే తేదీల్లో హృద్రోగం, దంతవైద్యం, నర్సింగ్, నానోటెక్నాలజీ సదస్సులను పక్కపక్క గదుల్లో నడిపేవారు ఉన్నారు. నిర్వాహక సంఘంలో ఉన్నవారి పేర్లు చూసి, వారి సంస్థ వెబ్‌సైట్‌లోని చిరునామాకు రాసి, మీరు నిజంగా ఇందులో ఉన్నారా అని అడిగితే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. ఇది చిన్న విషయం కాదు. హైదరాబాద్ కేంద్రంగా పత్రికలు, సదస్సులు నడిపిన ఒక సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమీక్ష విషయంలో, సదస్సులకు వచ్చే ప్రముఖుల విషయంలో పరిశోధకులను తప్పుదోవ పట్టించిందని తేల్చి, నెవాడాలోని ఫెడరల్ న్యాయస్థానం 2019లో ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

సదస్సు వెనుక ఒక వృత్తి సంఘం ఉన్నదా అని ముందుగా చూడండి. మన దేశంలో 1956లో ఏర్పడిన భారత ప్రజారోగ్య సంఘం, 1974లో ఏర్పడిన ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్ సంఘం వంటివి ఏటా సదస్సులు నిర్వహిస్తాయి, సొంత పత్రికలు నడుపుతాయి. ఇక్కడ 1872 నుంచి ఉన్న అమెరికన్ ప్రజారోగ్య సంఘం వార్షిక సమావేశానికి విద్యార్థులు కూడా పంపవచ్చు. అక్కడ అబ్‌స్ట్రాక్టుతో పాటు, విన్నవారు ఏమి నేర్చుకుంటారో కొలవదగిన క్రియలతో రాయాలి. అంగీకారం వస్తే సమర్పించేవారు సభ్యత్వమూ తీసుకోవాలి, సదస్సు రుసుమూ కట్టాలి. ఆ ఖర్చు, వీసా సమయం లెక్క వేసుకున్న తరువాతే పంపండి. అంగీకారం తెచ్చుకుని హాజరు కాకపోతే ఆ చోటు మరొకరికి దక్కకుండా పోతుంది.

సమాధానం: సామాజిక వైద్య విభాగం ఆచార్యుడు

మీ శీర్షికలో రెండు చిక్కులు ఉన్నాయి. “ప్రభావం” అన్న మాట తీసివేయండి. ఒకే సమయంలో మాత్రల వాడకాన్నీ, హిమోగ్లోబిన్‌నూ కొలిచారు కనుక ఏది ముందు, ఏది తరువాత అన్నది మీకు తెలియదు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నదని తెలిసి, వైద్యుడు గట్టిగా చెప్పినందువల్లే మాత్రలు శ్రద్ధగా వేసుకుంటున్నవారు కూడా మీ నమూనాలో ఉండవచ్చు. అప్పుడు మాత్రలు వేసుకునేవారిలోనే రక్తహీనత ఎక్కువగా కనిపిస్తుంది. “వాడకం, మానివేయడానికి కారణాలు, రక్తహీనత: క్రాస్ సెక్షనల్ అధ్యయనం” అంటే అధ్యయనం రూపం కూడా శీర్షికలోనే తెలిసిపోతుంది. “ఒక వైద్య కళాశాల క్షేత్ర పరిధి” అన్నది ఫరవాలేదు గాని, సమీక్షకులకు రచయితల వివరాలు తెలియకూడదని నిబంధన ఉంటే పద్ధతిలో ఎక్కడా కళాశాల పేరు, మండలం పేరు రాకుండా చూసుకోండి.

ముగింపు గురించి నాకు మరింత పట్టుదల ఉన్నది. “అవగాహన పెంచాలి” అన్న వాక్యం ఏ అధ్యయనం కిందనైనా అతుకుతుంది. దానికోసం మీరు ఊళ్ళు తిరగనక్కరలేదు. మీ స్త్రీలు ఏమి చెప్పారో చూడండి. వికారం వల్ల మానేశామని ఎక్కువమంది చెప్పి ఉంటే వారికి కావలసింది అవగాహన కాదు, వికారం తగ్గించే సలహా. పైన వైద్యాధికారి గారు రాసినది అటువంటిదే. మాత్రలు సమయానికి అందలేదని చెప్పి ఉంటే లోపం ఆమెలో లేదు, సరఫరాలో ఉన్నది. 2018లో మొదలైన రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమం కింద గర్భిణికి 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రను రోజూ 180 రోజులపాటు ఇవ్వాలి. ఆ గొలుసులో మీ ప్రాంతంలో ఏ లంకె తెగిందో మీ ఫలితాలు చూపిస్తే, ముగింపులో దానిని ఒక్కదానినే చెప్పండి. చూపించకపోతే, కారణాల వివరాన్ని మాత్రం ఇచ్చి ఆగండి.

విశ్లేషణ తిరిగి వచ్చాక సంఖ్యలతో సహా ప్రతిని గైడ్ గారికి చూపించి, గడువుకు రెండు రోజుల ముందే ఎక్కించండి. చివరి గంటలో వెబ్‌సైట్లు మొరాయిస్తాయి. ఎథిక్స్ అనుమతి సంఖ్యను దరఖాస్తులో ఎక్కడ రాయాలో ముందే చూసుకోండి. ఓరల్ (వేదికపై ప్రసంగం) కోసం అడిగి, దొరక్కపోతే పోస్టరుకు సమ్మతమేనన్న గడిలో గుర్తు పెట్టండి. పోస్టరు దగ్గర నిలబడినవారిని జిల్లా అధికారులు, ఇతర కళాశాలల వారు తీరికగా ప్రశ్నలు అడుగుతారు. థీసిస్ రెండో దశ ఇంకా మిగిలి ఉన్న మీకు ఆ ప్రశ్నలు ఇప్పుడే వినడం ఎంతో మేలు చేస్తుంది.